భావనారాయణగారి మంచి తెలుగు

న్యూజిలాండ్ ఎక్కడుందో భావనారాయణకు ఆ సోమవారం పొద్దుటి దాకా తెలియదు. తను పాఠాలు చెప్పే ట్యుటోరియల్ కాలేజీ గోడ మీది ప్రపంచ పటంలో వెతికితే, కింది మూల మేకు కొట్టిన చోట సగం చిరిగి కనిపించింది. ఆ దేశం నుంచి ఇద్దరు క్రైస్తవ మిషన్ వాళ్ళు హైదరాబాదు దిగారనీ, వాళ్ళ మాట జనానికీ జనం మాట వాళ్ళకూ చేరవేసే దుబాసీ కావాలనీ అబిడ్స్ అంతా తెలిసిపోయింది. భావనారాయణ ఇస్త్రీ చొక్కా వేసుకుని మధ్యాహ్నానికల్లా చాపెల్ రోడ్డులో వాళ్ళు అద్దెకు తీసుకున్న బంగళా మెట్లెక్కాడు.

ఆయన బాపట్ల మనిషి. రాష్ట్రం ఏర్పడ్డ ఏడాదే భార్య సుబ్బరత్నంతో వచ్చి, మూడేళ్ళుగా మెట్రిక్ తప్పినవాళ్ళకు ఇంగ్లీషు చెబుతూ, ఖైరతాబాదులో రెండు గదుల వాటాలో కాపురం ఉంటున్నాడు. ఇల్లు లేదు, పొలం లేదు, పిల్లలు లేరు. ఉన్నదల్లా తన తెలుగు. ఆ తెలుగు మీద ఆయనకున్న గర్వం జమీందార్లకు ఎస్టేట్ల మీద కూడా ఉండి ఉండదు. ఈ ఊరి జనం మాట్లాడేది అసలు తెలుగే కాదని ఆయన గట్టి నమ్మకం. కూరగాయల బండివాడు 'ఏంది సార్' అంటే 'ఏమిటి అనవయ్యా' అని దిద్దేవాడు. బండివాడు దిద్దుకునేవాడు కాదు, కూర ధర మాత్రం పెంచేవాడు.

వరండాలో ఆయనకంటే ముందే ఇంకో మనిషి కూర్చుని ఉన్నాడు. పేరు శ్యామ్‌సుందర్, నాంపల్లిలో బడిపంతులు, తాతల నాటి నుంచీ ఈ ఊరివాడే. అతని ఇంగ్లీషు ఆగి ఆగి నడిచేది. భావనారాయణ ఇంగ్లీషు విన్నాక ఆ ఉద్యోగం ఎవరిదో ఇక అడగక్కర్లేకపోయింది. అయినా అతను ముఖం ముడుచుకోలేదు, దగ్గరికి వచ్చి మెల్లగా ఒక మాట అన్నాడు.

"సార్, మీ ఇంగ్లీషు మస్తుగున్నది. నౌకరి మీరే తీసుకోన్రి. గని గీడ జనం మాట్లాడేది మీకు పూరా సమజ్ కాదు. జర నన్ను పక్కన కూసోవెట్టుకోన్రి, నాకేం ఇయ్యకున్రి."

ఉచితంగా దొరికిన సాయం కంటే పెద్ద అవమానం భావనారాయణకు ఇంకొకటి లేదు. అతను ఏమంటున్నాడని లోపలి నుంచి వచ్చిన పాస్టర్ హాల్డేన్ అడిగాడు. పాస్టరు అరవై దాటిన పొడుగాటి మనిషి, అప్పటికే ఎండకు ముక్కు కమిలిపోయి ఉంది. తనకు ఇంగ్లీషు సరిగా రాదని ఒప్పుకుంటున్నాడండీ అని చెప్పాడు భావనారాయణ. ఆ ఉద్యోగంలో ఆయన చేసిన మొట్టమొదటి అనువాదం అది. పాస్టరు పక్కన కూర్చున్న మిస్ ఎడ్నా, ముప్ఫయ్యేళ్ళ నర్సు, ఇక్కడి పేదల మాట వేరుగా ఉంటుందంటారే, మీకు అర్థమవుతుందా అని అడిగింది. అది వేరే భాష కాదనీ, చెడిపోయిన తెలుగనీ, మంచి తెలుగు వచ్చినవాడికి చెడిపోయిన తెలుగు దానంతటదే వస్తుందనీ ఆయన సెలవిచ్చాడు.

మంగళవారం సాయంత్రం నాంపల్లి స్టేషను వెనక ఖాళీ జాగాలో మొదటి కూటం పెట్టారు. చుట్టూ గుడిసెలు. పాలమూరు నుంచి కరువుకు లేచి వచ్చి, అబిడ్స్‌లో కడుతున్న మేడలకు ఇటుకా సున్నమూ మోసి బతికే కూలీలవి. పని దిగి వచ్చిన జనం తెల్లవాళ్ళను చూడటానికి గుమిగూడారు. పాస్టరు దాహం తీర్చే దేవుడి గురించి చాలా చక్కగా చెప్పాడు. భావనారాయణ దాన్ని తృష్ణార్తులు, జీవజలప్రదాత అంటూ ఇంకా చక్కగా సమాసాలు కట్టి వినిపించాడు. ముందు వరసలో ఉన్న ముసలామె చెయ్యెత్తి, "దూపయితున్నది దొరా" అంది.

ఆ ప్రాంతంలో దూప అంటే దాహం. అది పాలమూరులో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. భావనారాయణకు మాత్రం తెలిసింది ధూపమే. ఈమె ధూపం వెయ్యమంటోంది, ఇక్కడివాళ్ళకు దేవుడంటే పొగ ఉండాలి అని పాస్టరుకు విప్పి చెప్పాడు. పాస్టరు దయగలవాడు, కసురుకోలేదు. దేవుడికి పొగ అవసరం లేదనీ శుద్ధమైన మనసుంటే చాలనీ పది నిమిషాలు బోధించాడు. కాచి చల్లార్చిన నీళ్ళ కూజా బల్ల మీదే ఉంది. ముసలామె ఇంకోసారి దూప అంది, ఇంకో అయిదు నిమిషాల బోధ విన్నది, ఆఖరికి లేచి తడబడుతూ కుళాయి వైపు నడిచింది. జనం పడీ పడీ నవ్వారు. తన వాక్చాతుర్యానికే నవ్వారనుకుని భావనారాయణ పొంగిపోయాడు.

అసలు వాళ్ళు వచ్చిన పని బుధవారం మొదలైంది. వాళ్ళ మిషన్‌కు నీలగిరి కొండల్లో అనాథ పిల్లల ఆశ్రమం ఒకటి ఉంది. అక్కడికి పదకొండుమందిని తీసుకుపోవాలి. అక్కడే పెంచి, చదివించి, పెద్దయ్యాక తమ దేశం పంపిస్తారు. దానికి పాస్టరు పెట్టుకున్న నియమం ఒక్కటే. తల్లిగానీ తండ్రిగానీ బతికుంటే ఆ పిల్లను ముట్టుకోకూడదు. తల్లి నుంచి బిడ్డను విడదీస్తే దేవుడు క్షమించడని ఆయన పొద్దున్నే భావనారాయణను కూర్చోబెట్టి చెప్పాడు. ప్రతి పిల్లనూ ఈ ప్రశ్న రెండుసార్లు అడగమన్నాడు. ఆయన చెప్పినట్టే భావనారాయణ రెండుసార్లే అడిగాడు.

పదిమంది కుదిరారు. పదకొండోది ఏడేళ్ళ పిల్ల, పేరు మాసమ్మ. జుట్టు దుమ్ము కొట్టుకుపోయింది, కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి. మీ నాన్నగారున్నారా అంటే ఎవరని అడిగింది. రెండోసారికి తెలుసుకుని, నాయిన బొంబయికి పోయి ఆడనే సచ్చిపోయిండని చెప్పింది. మీ అమ్మ ఉందా అంటే, అమ్మ పోయినేడు సచ్చిపోయిందంది. మళ్ళీ అడిగినా అదే చెప్పింది. మరి ఇంట్లో ఎవరున్నారు అంటే, "అవ్వ ఉన్నది" అంది.

అవ్వ అంటే బాపట్లలో ముసలమ్మ. గ్రాండ్‌మదర్ అన్నాడు భావనారాయణ. మిస్ ఎడ్నా కాగితం మీద తండ్రి లేడు, తల్లి లేదు, ముసలి అవ్వ ఉంది అని రాసుకుంది. ఆ పిల్ల గడ్డం పట్టుకుని, అవ్వ అనే మాటను నాలుగుసార్లు పలికి నేర్చుకుంది. ఇండియా వచ్చాక ఆమెకు నోరు తిరిగిన మొదటి తెలుగు మాట అదే. సాయంత్రం లోపల పదకొండు మంది పేర్లతో వాళ్ళ దేశానికి తంతి కూడా వెళ్ళిపోయింది.

అవ్వ వేలిముద్ర కావాలి కాబట్టి గురువారం కబురు పంపారు. పని మధ్యలో తట్ట దింపి వచ్చింది కిష్టవ్వ. నిజానికి ఆమెకు మిస్ ఎడ్నా వయసే, ముప్ఫయ్యేళ్ళు. కానీ ఆ ముఖం చూసి ముప్ఫై అని ఎవరూ అనరు. తట్టలు మోసి మోసి నడుము వంగింది, ముందు పళ్ళు రెండు పోయాయి, నెత్తిన సున్నం పడీ పడీ జుట్టు నెరిసినట్టయింది. పేదరికం ఆమెను తినాల్సినంత తిని మిగిలింది వదిలేసింది. ఎడ్నా ఎదురెళ్ళి రెండు చేతులూ పట్టుకుని, వచ్చిన ఒక్క మాటతో "అవ్వా" అని పిలిచింది. తెల్లదొరసాని నోట ఆ పిలుపు విని కిష్టవ్వ సిగ్గుపడి నవ్వింది.

వేలికి సిరా పూసే లోపల ఆమె భావనారాయణతో తన గోడు చెప్పుకుంది. "మా అవ్వ ఉన్నన్ని దినాలు పిల్లను ఆమెనే చూసుకునేది సారూ. పిల్ల ఆమెను అమ్మా అమ్మా అంటుండె. పోయినేడు గత్తర రోగమొచ్చి పాయె. ఇగ నేను పనికి పోతె ఇది సడక్ మీద తిరుగుతున్నది. మోటర్ల కింద పడుతదేమోనని నాకు ఒకటే ఫికర్."

భావనారాయణ చేతిలో సిరా డబ్బీ ఆగిపోయింది. "పిల్ల అమ్మా అనేది మీ అమ్మనా? మరి నిన్నేమంటుంది?" అని అడిగాడు.

"అవ్వ అంటది. నేను కన్న గద సారూ."

భావనారాయణ తెలివితక్కువవాడు కాదు, అంతా ఒక్క క్షణంలో అర్థమైంది. మిస్ ఎడ్నా రెండడుగుల దూరంలో కాగితం పట్టుకుని చిరునవ్వుతో నిలబడి ఉంది. ఒక్క మాట చాలు, మదర్ అని. చెబితే ఏమవుతుంది? పాస్టరు ఇంకో పిల్లను వెతుక్కుంటాడు. తంతి దిద్దుతూ ఇంకో తంతి పోతుంది. దుబాసీకి అవ్వ అంటే ఎవరో కూడా తెలియదా అంటారు. వరండాలోకి శ్యామ్‌సుందర్‌ను పిలుస్తారు. భావనారాయణ మనసులో మిగతావన్నీ వచ్చి పోయాయి, శ్యామ్‌సుందర్ మాత్రం కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

ఆయన ఆమె బొటనవేలు పట్టుకుని కాగితం మీద అద్దించాడు.

అప్పుడు కిష్టవ్వ, ఇది బడేనా సారూ అని అడిగింది. బడే అన్నాడు. తిండి పెడతారా అంటే పెడతారన్నాడు. ఇంతవరకూ అబద్ధం లేదు. "ఐతారం ఐతారం వచ్చి చూసుకపోవచ్చా?" అని అడిగింది ఆఖరికి. కాదంటే కాగితం లాక్కుంటుంది, ఏడుస్తుంది, ఎందుకు ఏడుస్తోందని ఎడ్నా అడుగుతుంది. ఆయన చూసుకోవచ్చన్నాడు. కిష్టవ్వ ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టి, పిల్లను ఆ బంగళాలోనే వదిలి, తట్ట దగ్గరికి పరుగెత్తింది. ఏమంటోందని ఎడ్నా అడిగితే, ముసలితనంలో బరువు దించారని దీవిస్తోంది అన్నాడు.

ఆ సాయంత్రం కాఫీ తాగుతూ, ఇంట్లో దాన్ని హాస్యం కింద చెప్పబోయాడు. వీళ్ళ తెలుగు చూశావటే, తల్లిని అవ్వంటారు, అవ్వను అమ్మంటారు అని మొదలుపెట్టాడు. సుబ్బరత్నం నవ్వలేదు. పాలు పోసే శంకరమ్మ కూతురు కూడా తల్లిని అవ్వా అనే పిలుస్తుందనీ, ఈ ఊరొచ్చిన వారానికే తనకు తెలిసిందనీ చెప్పింది. ఇంట్లో రోజూ వినిపించే మాట ఈయన చెవికి మూడేళ్ళు ఎక్కలేదు. ఆమె అడిగింది.

"మరైతే ఆ పిల్లకి తల్లి ఉన్నట్టే కదండీ. వాళ్ళకి చెప్పారా?"

"చెబుతాలే."

"రైలు రేపేగా."

"చెబుతానన్నానా" అని ఆయన గ్లాసు నేలకేసి కొట్టినంత పని చేశాడు. ఆడవాళ్ళకు ఉద్యోగం సంగతులు ఏం తెలుసన్నాడు. ఆ పిల్లకు మాత్రం ఇక్కడ ఏముంది, కొండల్లో పాలూ రొట్టే తిని దొరసానిలా పెరుగుతుంది, ఆ సున్నం తట్ట బతుకు తప్పుతుంది అని భార్యకు చెప్పాడు. చెప్పినకొద్దీ అది తనకే నిజమనిపించింది. తన పిరికితనం మీద దయ అని పేరు రాసి అతికించాక ఆయనకు చాలా తేలికైంది. సుబ్బరత్నం మాత్రం ఆయనకు ఎదురుగా కూర్చోకుండా పెరట్లోకి వెళ్ళిపోయింది.

శుక్రవారం సాయంత్రం నాంపల్లి స్టేషనులో మద్రాసు బండి సిద్ధంగా ఉంది. పాస్టరు, ఒక ఆయా, కొత్త గౌన్లు చొక్కాలు తొడుక్కున్న పదకొండుమంది పిల్లలు పెట్టెలో కూర్చున్నారు. ఎడ్నా ఊళ్ళోనే ఉండి దవాఖాన పని మొదలుపెట్టాలి. దారిలో భావనారాయణ నిజంగానే చెబుదామనుకున్నాడు. ఆ మాట ఎలా చెప్పాలో ఇంగ్లీషులో రెండు మూడు విధాలుగా కూర్చుకున్నాడు కూడా. ఇంతలో పాస్టరు అందరి ముందూ ఆయన మెడలో పూలదండ వేసి, ఈ అయిదు రోజులూ మాకు నాలుక ఈయనే అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. దండ వేశాక ఆ మూడు విధాలూ ఎటు పోయాయో ఆయనకే తెలియదు.

తన బడి పిల్లాడొకడు ఆ పదకొండుమందిలో ఉంటే సాగనంపడానికి శ్యామ్‌సుందర్ వచ్చాడు. బండి కదులుతుంటే మాసమ్మ కిటికీ చువ్వలు పట్టుకుని, జనంలో అటూ ఇటూ వెతికి, "అవ్వా" అని అరిచింది. మళ్ళీ మళ్ళీ అరిచింది. ఎడ్నా కళ్ళు తుడుచుకుని, ముసలమ్మ కోసం ఎంత బెంగో పాపం అంది. శ్యామ్‌సుందర్ ముఖం మారింది.

"సార్, గా పొల్ల అవ్వను పిలుస్తున్నది. గీడ అవ్వంటే..."

"నాకు తెలుసండీ" అన్నాడు భావనారాయణ.

వారం మొత్తంలో ఆ మనిషి చెప్పిన పచ్చి నిజం అదొక్కటే. శ్యామ్‌సుందర్ మంచివాడు. తెలిసిన మనిషి తప్పు చేస్తాడని అతనికి తట్టలేదు. తెలిస్తే సరే సార్ అనుకుని, అన్నీ చూసే పంపి ఉంటారని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బండి చివరి పెట్టె కూడా కనబడకుండా పోయింది.

ఆదివారం పదకొండింటికి కిష్టవ్వ బంగళాకు వచ్చింది. మొజంజాహీ మార్కెట్‌లో దెబ్బతిన్న పళ్ళు ఏరి అమ్మే చోట కొన్నట్టుంది, కొంగులో నాలుగు సపోటాలు మూటగట్టి తెచ్చింది. మెట్ల మీద కూర్చుని, పొల్లను పిలువమని భావనారాయణను అడిగింది. ఆయన, దొరలు రైల్లో తీసుకుపోయారనీ, అక్కడ చల్లగా ఉంటుందనీ, ఉత్తరాలు వస్తాయనీ గబగబా చెప్పాడు.

"ఎంత దూరముంటది సారూ? పొద్దుగాల బయలెల్లితే మాపటికి చేరుతనా?"

చేరలేవన్నాడు. రెండు దినాలు నడిస్తేనో అని అడిగింది. నడిచి చేరేది కాదన్నాడు. ఎప్పుడు తోలిస్తరు అంటే ఆయన మాట్లాడలేదు. ఆ మౌనం ఏ ప్రాంతపు తెలుగైనా ఒకటే. కిష్టవ్వకు అర్థమైంది. ఆమె లేవబోయి లేవలేక, మోకాళ్ళ మీదే వరండా దాటి పోయి, అప్పుడే బయటికి వచ్చిన ఎడ్నా కాళ్ళు పట్టుకుంది. "దొరసానీ, నేను దాని అవ్వను. నాకది ఒక్కతే. నేను దాని అవ్వను" అని రొమ్ము బాదుకుంటూ చెప్పింది.

ఎడ్నాకు ఆ మాటల్లో ఒక్క మాట అర్థమైంది. యెస్, యెస్, అవ్వ అంటూ తనూ కింద కూర్చుని ఆమెను పొదివి పట్టుకుంది. ఇద్దరూ ఒక్క ఈడు ఆడవాళ్ళు. ఎడ్నా ఆ తలను తన తల్లి తల నిమిరినట్టు నిమిరింది. ఏమంటోందని భావనారాయణను అడిగింది.

చెప్పడానికి అప్పటికీ సమయం మించిపోలేదు. పిల్ల ఇంకా కొండ ఎక్కి ఒక్క రోజు కాలేదు. స్టేషను పక్కనే తంతి ఆఫీసు. ఒక్క తంతి ఇస్తే వారంలో వెనక్కి వస్తుంది. ఆయన కిష్టవ్వను చూశాడు, ఎడ్నాను చూశాడు. ముసలిదాన్ని, నన్నింక ఎవరు చూస్తారని ఏడుస్తోంది అన్నాడు.

ఎడ్నా కళ్ళ నిండా నీళ్ళు నింపుకుని, రోజూ వచ్చి ఇక్కడే అన్నం తినమని చెప్పమంది. వంటింట్లో ఊడ్చే పని కూడా ఇస్తానంది. ఇంకొక్క మాట కూడా ఆమెకు తప్పకుండా చెప్పమంది. దిక్కులేని ఆ పిల్లకు ఇన్నాళ్ళకు ఒక తల్లి దొరికింది, ఆశ్రమంలో పెద్దమ్మగారు దాన్ని సొంత కూతురిగా పెంచుకోబోతోంది, సంతోషించమని చెప్పండి అంది.

భావనారాయణ అన్నం సంగతి చెప్పాడు, పని సంగతి చెప్పాడు. ఆ ఆఖరి మాటకు తల్లి, జనని, మాత అని ఎన్ని మంచి మాటలున్నా, కిష్టవ్వకు తెలిసిన మాటలోనే, ఏ తప్పూ లేకుండా చెప్పాడు.

"నీ బిడ్డకు ఇంకొక అవ్వ దొరికిందట."

కిష్టవ్వ ఏడుపు ఆగిపోయింది. ఎడ్నా చేతుల్లోంచి మెల్లగా విడిపించుకుని, ఆయన ముఖంలోకి చాలాసేపు చూసింది.

"మరి నేనెవర్ని సారూ?"

ఏమడుగుతోందని ఎడ్నా ఆత్రంగా అడిగింది.

"ఏమీ లేదండీ, మీకు వందనాలు చెబుతోంది" అన్నాడు భావనారాయణ.

మిస్ ఎడ్నా లేచి నిలబడి, కిష్టవ్వకు రెండు చేతులూ జోడించింది.